బంతి మీద బొటనవేలు

ఆయనతో మాట్లాడాలంటే మెడ తిప్పాలి. ఎవరితో నడిచినా ఒక అడుగు వెనక, కొంచెం ఎడమ పక్కగా నడిచేవాడు. మనం ఆగితే ఆయనా ఆగేవాడు. ముందుకు రమ్మని దారి ఇస్తే ఇంకో అడుగు వెనక్కి జరిగేవాడు. ఒకసారి ఇల్లందు బజారులో ఆయన్ని ఎలాగైనా ముందు నడిపించాలని పంతం పట్టి, నేను వెనక్కి వెనక్కి నడిచి, అరటిపండ్ల బండికి వీపు తగిలించి, నలిగిన డజను పండ్లు కొనుక్కుని ఇంటికి పోయాను. బేరమాడకుండా నేను కొన్న సరుకు ఈ జన్మలో అదొక్కటే.

ఆయన్ని కాకా అనేవాణ్ణి, వాళ్ళావిడను చిన్నమ్మా అని. చుట్టరికం ఏమీ లేదు, రోజూ కొట్టుకు వచ్చేవాళ్ళను వరసపెట్టి పిలిస్తే వాళ్ళు పక్క కొట్టుకు పోవడానికి మొహమాటపడతారని మా అమ్మ నేర్పిన విద్య అది. చిన్నమ్మ అనేది, "పెండ్లయిన కాడికెళ్ళి మెడ తిప్పుకుంటనే మాట్లాడుతున్న బిడ్డా. మొగని మొకం కంటే నా ఎడమ భుజాన్నే ఎక్కువ చూసుకున్న."

ఆ కాకా మొన్నటి ముసురులో చనిపోయాడు. ఎక్కడ పుట్టాడు, ఏ బాయిలో ఎన్నేళ్ళు చేశాడు అని నన్ను అడగొద్దు. సరుకు చూడటం తెలుసు గాని, సరుకు పుట్టిన ఊరు అడిగే అలవాటు మా ఇంట్లో లేదు. నాకు తెలిసిన మేరకు, బొగ్గుబాయిలో పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని చేసేవాడు. ఆ దుంగలు మోసి మోసి కుడి భుజం కిందికి దిగింది. మందుగుండు మోతకు ఎడమ చెవి పోయింది. నుదుటి మీద పాత దెబ్బలోకి బొగ్గు పొడి దిగి నీలంగా చిన్న గీత మిగిలింది. చర్చిలో కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తుంటే ఆ గీత ఒక్కటే మేలుకుని అందరినీ చూస్తున్నట్టు ఉండేదట.

మా పరిచయం ఒక నిలవ సరుకుతో మొదలైంది. మాది జనరల్ స్టోర్. ఎండాకాలం వస్తే మిర్చి కూడా కొంటాం. ఒకసారి హైదరాబాదు నుంచి ఫుట్‌బాళ్ళు తెప్పిస్తే వాటిలో ఒకటి కోడిగుడ్డు ఆకారంలో వచ్చింది. ఎవరూ కొనలేదు. నేల మీద వేస్తే ఒకసారి అటు, ఒకసారి ఇటు ఎగిరేది. ఒకాయన కొని, మర్నాడు తెచ్చి ఇది సొట్టపోయిందని నాతో కొట్లాడి తిరిగి ఇచ్చిపోయాడు. నిలవ సరుకును ఖాళీగా ఉంచడం నాకు చేతగాదు. తాడు కట్టి, దిష్టి గుమ్మడికాయకు బదులు కొట్టు గుమ్మానికి వేలాడదీశాను.

ఒకరోజు ఈయన వచ్చి సబ్బు అడగబోయి తల ఎత్తి చూశాడు. చూసి సబ్బు సంగతి మరిచిపోయాడు. ఆ చూపు నాకు తెలుసు. గల్లాపెట్టె పక్కన పెరిగినవాణ్ణి, కొనేవాడి నోటిని ఎప్పుడూ నమ్మను, కళ్ళనే నమ్ముతాను. ఇది విదేశీ సరుకు కాకా, ఒక్కటే మిగిలింది అన్నాను. రెండో మాట అబద్ధం కాదు. దానికి తగని ధర ఒకటి చెప్పి, ఆయన సగానికి అడిగితే ఎక్కడ ఆగాలో మనసులో లెక్క వేసుకుని కూర్చున్నాను. ఆయన అడగనే లేదు. చెప్పినంతా ఇచ్చాడు. పైగా నా గుమ్మం బోసిపోతుందని మర్నాడు పెరట్లో కాసిన బూడిద గుమ్మడికాయ తెచ్చి, నిచ్చెన ఎక్కి తనే కట్టాడు.

ఆ రాత్రి ఇంట్లో నేను చెప్పుకున్న గొప్పలు మా ఆవిడ ఇంకా మరవలేదు. నెల తిరిగేసరికి గుమ్మడికాయ కుళ్ళి, దువ్వెన కొనడానికి వచ్చిన పంతులమ్మ నెత్తిన కారింది. నేను గెలిచిన బేరాలన్నీ కొన్నాళ్ళకు ఇట్లాగే కారుతుంటాయి.

ఆ బంతి ఆట రగ్బీ అని ఆయనే చెప్పాడు. ఎప్పుడో కార్మికుల క్లబ్బులో క్రికెట్ కోసమని టీవీ పెడితే అది కాక ఇది వచ్చిందట. నల్ల బనియన్లు వేసుకున్న మనుషులు వరసగా నిలబడి, తొడలు చరుచుకుంటూ, నాలుక బయటపెట్టి గెంతుతున్నారు. ఎక్కడో జాతర అనుకుని కూర్చున్నాడు. తర్వాత వాళ్ళు బురదలో పడి లేచి, షిఫ్టు దిగి వచ్చినవాళ్ళ లాగా మొహాలు నల్లగా చేసుకునేసరికి ఆయనకు ఆ జట్టు మీద సొంతవాళ్ళన్న ప్రేమ పుట్టింది. ఆ జట్టుది న్యూజిలాండ్. అదెక్కడుందో ఆయనకు తెలియదు. అది బొగ్గు ఊరే అయి ఉంటుందని నమ్మకం.

అప్పటి నుంచి సాయంత్రాలు మా కొట్టుకు వచ్చి, నా ఫోనులో ఆ ఆట పెట్టించుకునేవాడు. ఒక్క ఆటగాడి పేరూ ఆయనకు రాదు. ముందుండి తలలు గుచ్చి నెట్టే లావుపాటి వాళ్ళంతా దుంగలోళ్ళు. కుప్పలో దూరి బంతి తవ్వి తీసేవాళ్ళు తట్టలోళ్ళు. ఆ బంతిని అందుకుని, పక్కవాళ్ళ మీద అరుస్తూ పంచిపెట్టే పొట్టివాడు సర్దార్. బాయిలో మీద పడి అరిచే సర్దార్లు కూడా పొట్టివాళ్ళేనట.

"ఈళ్ళు ఎందుకు గెలుస్తరో చెప్పు సేటు," అని అడిగేవాడు.

బలంగా ఉన్నారు కదా అన్నాను. అవతలి జట్టోళ్ళు ఇంకా లావున్నారు చూడమన్నాడు. ముందు ఆ గెంతులు వేసి భయపెడతారు కదా అన్నాను. గెంతితే గెలిచేటట్టయితే మా పక్క ఊరి జాతర అంతా గెలవాలె గద అన్నాడు. పరుగు అన్నాను, తిండి అన్నాను, దేశం అన్నాను. నా దగ్గరున్న సరుకంతా బల్ల మీద పరిచాను, ఆయన ఒక్కటీ కొనలేదు. చివరికి బొటనవేలు తీసి ఫోను మీద పెట్టేవాడు.

ఆ బొటనవేలు సంగతి చెప్పాలి. దుంగల కింద నలిగి చెంచా అంత వెడల్పు అయింది. బంతి ఎవరి చేతిలో ఉంటే సరిగ్గా వాడి మీద పెట్టి మూసేవాడు. ఆటలో చూడవలసింది మొత్తం దాని కింద పోయేది. ఇక చూడు అనేవాడు. ఏం చూడాలి కాకా, నీ గోరు తప్ప ఏం కనపడతలేదు అని నేను మొత్తుకునేవాణ్ణి.

"బంతి ఉన్నోన్ని అందరూ చూస్తరు. వాన్ని చూసుడు బంద్ చెయ్యి. చేతుల ఏం లేనోడు ఏం చేస్తున్నడో అది చూడు."

చూశాను. వేలి పక్కన, వెనక, ఎడమకు, కుడికి ఉత్త చేతులతో మనుషులు పరుగెత్తుతున్నారు. అడిగినవాళ్ళు లేరు, చూసేవాళ్ళు లేరు, అయినా ఊపిరి పోయేటట్టు ఉరుకుతున్నారు. ఈ ఆటలో బంతిని ముందుకు విసరకూడదు, వెనకవాడికే ఇవ్వాలి. కాబట్టి వెనక ఎవడూ లేనివాడు ఎంత మొనగాడైనా నాలుగు అడుగుల్లో పట్టుబడతాడు. వీళ్ళలో ఎవడు పట్టుబడినా వాడి వెనక ఒకడు ఉంటాడు, వాడి వెనక ఇంకొకడు. దుంగలోడి చేతికి బంతి వచ్చినా వాడూ సర్దార్ లాగే అందిస్తాడు, ఇది నా పని కాదు అనడు. ఇచ్చినవాడు ఇచ్చానని నిలబడడు, మళ్ళీ వెనక్కి పోయి వరసలో కలుస్తాడు. అవతలివాళ్ళ చేతిలోంచి బంతి జారితే రాలిన కాడనే ఏరుకుని అక్కడి నుంచే పరుగు. అదే వాళ్ళ ఆట అని తేల్చాడు. మిగతాదంతా గెంతులే.

నాకు అర్థం కాలేదని కాదు, నచ్చలేదు. చేతికి వచ్చినదాన్ని పట్టుబడకముందే పక్కవాడికి ఇచ్చేయడం మా వంశంలో ఎవరూ చేయని పని.

ఆ వెనక నడిచే అలవాటు ఈ ఆట చూసి వచ్చిందా అని ఒకసారి అడిగాను. కాదు, అంతకు ముందే అన్నాడు. బాయిలో ఒకసారి కప్పు పెళ్ళ ఊడి పడ్డప్పుడు, వెనకనుంచి ఎవరో కాళ్ళు పట్టి గుంజి బతికించారట. దీపాలు ఆరిపోయాయి. పైకి వచ్చాక చూస్తే వెనక పని చేసినవాళ్ళు ముగ్గురు.

"ముగ్గురిని అడిగిన. ముగ్గురూ నేను కాదన్నరు," అన్నాడు సాసరులో టీ ఊదుకుంటూ. "ఇగ ఎవరి బాకీ అని తీర్చాలె? అందుకే అందరి ఎనక నడుస్తున్న."

ఆ బంతి పట్టుకుని చర్చి పక్కనున్న గ్రౌండులో హాస్టలు ఆడపిల్లలకు ఆట నేర్పడం మొదలుపెట్టాడు. కోయ గూడేల పిల్లలు, తండాల పిల్లలు, కాలనీలో బాయి పనివాళ్ళ పిల్లలు, అందరూ కలిసి పదిమంది. ఏడుగురు ఆడే పొట్టి ఆట. సమ్మక్క అని ఒక పిల్ల ఉండేది. సన్నగా, చీపురుపుల్లకు గౌను తొడిగినట్టు ఉంటుంది. అడవి దారిలో బడికి పరుగెత్తి పెరిగిన కాళ్ళు. బంతి అందితే ఇక ఎవరికీ ఇవ్వదు. ఒక్కతే పోయి, ఒక్కతే పడి, ఒక్కతే ఏడ్చేది. మొదటి ఏడాది ఖమ్మం పోటీలకు పోయి ఆడిన ఆటలన్నీ ఓడి, మోకాళ్ళు చెక్కుకుని వచ్చారు.

గ్రౌండు చర్చిది. ఆడపిల్లలను బురదలో పొర్లిస్తున్నాడని ఆయన మీద నలుగురూ నాలుగు మాటలు అన్నారు. అదే సమయానికి నేను పాస్టరయ్య దగ్గరకు పోయాను. మిర్చి ఆరబోయడానికి నాకు ఆ గ్రౌండు కావాలి. రాయి రప్ప లేని చదును నేల, పక్కనే ఎత్తు వరండా. చర్చి ప్రహరీకి సున్నం వేయిస్తానన్నాను. పాస్టరయ్య మెత్తటి మనిషి, రెండు వైపులా నొప్పించకుండా తీర్పు చెప్పాడు. ఈ ఏడు ఖమ్మంలో ఒక్క ఆటైనా గెలిస్తే గ్రౌండు పిల్లలదే. గెలవకపోతే ఆట బంద్, ఏటేటా ఎండాకాలం గ్రౌండు సేటుది. అప్పటిదాకా ఇద్దరూ మాట్లాడుకుని సర్దుకోండి.

సగం సంపాదించాలని పోతే మొత్తం అడగాలి, అది మా అమ్మ సూత్రం. మొత్తం అడిగాను. కాకా వెంటనే సగం తీసుకోమన్నాడు. నా వాదన అంతా నోట్లోనే ఉండిపోయింది. తొందరగా దొరికిన సరుకులో పుచ్చు ఉంటుందని అనుమానం వచ్చింది గాని, మిర్చి పోశాను. మరో వారానికి బండ్లు వచ్చాయి, ఇంకొంచెం జరగమన్నాను. జరిగాడు. ఇంకో నాలుగు గజాలు అన్నాను. సరే అన్నాడు. చివరికి పిల్లలకు ఎడ్లబండి పట్టేంత సందు మిగిలింది. గ్రౌండంతా ఎర్రగా నాది, అంచున ఆ సందులో పదిమంది తుమ్ముకుంటూ ఆడుతున్నారు. నాకే సిగ్గేసి ఓ గజం వెనక్కి తీసుకుంటానన్నాను.

వద్దన్నాడు. "ఉండనియ్యి సేటు. నా బాయిల సందు గింతే ఉండేది. జాగ ఎక్కువుంటే ఎవరి తోవల వాళ్ళు పోతున్నరు. ఇరుకుల పెడితే చేతులు దగ్గరికొస్తున్నయ్."

అప్పుడు తెలిసింది. నేను గజం గజం గెలుస్తున్నాననుకున్న పదిహేను రోజులూ ఆయన నా మిర్చితో పిల్లలకు గోడ కట్టించుకుంటున్నాడు, కిరాయి లేకుండా.

ఒక మధ్యాహ్నం గాలి లేచింది. ఎండాకాలపు వాన చెప్పి రాదు. కూలీలు అన్నానికి పోయారు. గ్రౌండు నిండా మిర్చి, పట్టా కప్పేంత టైము లేదు. తడిస్తే కాయ నల్లబడుతుంది, నల్లబడ్డ కాయను మార్కెట్లో ఎవడూ చూడడు. నేను గుండె బాదుకుంటుంటే హాస్టలు నుంచి పిల్లలు ఉరికి వచ్చారు. కాకా వాళ్ళ వెనక వచ్చాడు, ఎప్పటిలాగే.

కేకలు వేయలేదు. మిర్చి కాడ నుంచి వరండా దాకా పిల్లలను ఏటవాలుగా నిలబెట్టాడు. మిర్చి దగ్గర ఇద్దరు తట్టలు నింపుతున్నారు, మిగతావాళ్ళు చేయి మార్చి చేయి అందిస్తున్నారు. ఆయన అడిగేది ఒక్కటే మాట, బాయిలో అడిగినట్టు, ఆటలో అడిగినట్టు.

"ఎనక ఎవరున్నరు?"

"నేనున్న," అని వినపడగానే ముందు పిల్ల తట్ట ఇచ్చేసేది. ఇచ్చి నిలబడేది కాదు, వరస చివరికి పరుగెత్తేది. సమ్మక్క మొదట రెండు తట్టలు ఎవరికీ ఇవ్వకుండా ఒక్కతే వరండా దాకా మోసుకుపోయింది. పోయి తిరిగి చూసేసరికి మిగతావాళ్ళు ఎనిమిది తట్టలు చేర్చారు. ఆ పిల్ల ఒక క్షణం నిలబడి ఆ వరసను చూసింది. తర్వాత వచ్చి మధ్యలో నిలబడింది. మూడో తట్ట ఇచ్చేసింది.

నేను మాత్రం నా సొత్తు మీద ప్రేమ కొద్దీ ఒక బస్తా కౌగిలించుకుని వరండా వైపు పరుగెత్తాను. వెనక ఎవరూ లేరు, ఉన్నా ఇచ్చేవాణ్ణి కాదు. పిల్లల చివరి తట్ట వరండా చేరాకే వాన దిగింది; నేను మెట్ల దగ్గర జారి, బస్తాతో సహా నీళ్ళలో పడ్డాను. ఆ రోజు తడిసింది ఒకే ఒక్క బస్తా. నేను మోసినది.

అంత సాయం చేసిన మనిషి ఇక గ్రౌండు అడుగుతాడని, ఎంతకు ఒప్పుకోవాలో ఆలోచిస్తూ తల తుడుచుకున్నాను. ఆయన అడిగింది, ఆరిన తర్వాత మిర్చి మళ్ళీ అక్కడే పోయమని. ఖమ్మం ఆటకు ఇంకా వారం ఉంది, గోడ కావాలి.

ఖమ్మం నేనూ పోయాను. పిల్లలను చూడటానికని ఇంట్లో చెప్పాను గాని, అసలు సంగతి గ్రౌండు. వాళ్ళు ఓడితే అది నాది. మొదటి రెండు ఆటలూ ఓడారు. నాకు లోపల మంచి బేరం తగిలినట్టు కావాల్సింది, ఎందుకో పచ్చిమిరపకాయ కొరికినట్టు అయింది. మిగిలింది ఒక్కటే ఆట. అది పొట్టి ఆట, టీ మరిగేలోపు సగం అయిపోతుంది. చివరి దాకా చెరిసమానంగా నడిచింది. అప్పుడు సమ్మక్క చేతికి బంతి వచ్చింది. ఎదురుగా గేదెల్లాంటి ఇద్దరు పిల్లలు. నాకు తెలియకుండానే లేచి నిలబడి, "ఇయ్యకు బిడ్డా, గట్టిగ పట్టుకో," అని అరిచాను.

రోజూ చాక్లెట్లు అమ్మే సేటు గొంతు కదా, ఆ పిల్ల గుర్తుపట్టింది. గట్టిగా పట్టుకుంది. ఇద్దరూ కలిసి ఆ పిల్లను నేల కరిపించారు.

కాకా నా వైపు తిరిగాడు. అది కోపం కాదు. కాంటా తప్పు చూపితే మేము కాంటాను చూసే చూపు అది. "సేటు, జర ఆ టీ బండి కాడికి పోరాదు," అన్నాడు.

పోయాను. చేతిలో టీ గ్లాసు పట్టుకుని, జనం తలల సందులోంచి చూశాను. మళ్ళీ సమ్మక్క దగ్గరకే వచ్చింది బంతి. మళ్ళీ ఆ ఇద్దరే. నా బొటనవేలు దానంతట అది లేచింది. గాలిలోనే ఆ పిల్ల మీద పెట్టి మూశాను. అప్పుడు కనపడింది, పక్కన, వెనక, ఎడమకు, కాలనీ పిల్ల ఎస్తేరు ఉత్త చేతులతో ఊపిరి బిగబట్టి ఉరుకుతోంది. వాళ్ళు మీద పడేలోపు సమ్మక్క చూడకుండానే బంతి పక్కకు వదిలేసింది. వెనక ఎవరో ఉంటారని ఆ చేతులకు తెలుసు. ఎస్తేరు గీత దాటి బంతిని నేలకు ఆనించింది. గెలిచారు.

నా గ్రౌండు పోయింది. నేను గ్లాసు పట్టుకుని గెంతుతున్నాను. టీ చొక్కా మీద పడి కాలితేగాని ఆ రెండు సంగతులూ ఒకే చోట జరుగుతున్నాయని తెలియలేదు. తిరుగు ప్రయాణంలో బస్సు ఆపించి పిల్లలకు మైసూర్‌పాక్ కొన్నాను. మిఠాయి కొట్టువాడితో గట్టిగా బేరమాడాను గాని మనసు అందులో లేదు. అతను చెప్పినదానికంటే ఎక్కువే ఇచ్చి వచ్చానని మా ఆవిడ తర్వాత తేల్చింది.

ఆ తర్వాత మూడు ఎండాకాలాలు మిర్చి వేరే చోట పోసుకున్నాను. ఇరుకు కావాలనుకున్నప్పుడు కాకాయే కొట్టుకు వచ్చి, నాలుగు బస్తాలు తెచ్చి పొయ్యరాదు సేటు అని అడిగేవాడు. పోసేవాణ్ణి.

మొన్న సన్నగా ముసురు పడుతోంది. కాకా పెట్టెను చర్చి నుంచి సమాధుల దొడ్డికి భుజాల మీదే మోసుకుపోయాం. నేనూ ఒక భుజం పట్టాను, ముందు వైపు. చిన్నమ్మ పెట్టె వెనక నడుస్తోంది. దారిలో ఒకచోట మమ్మల్ని ఆగమని, పెట్టెను చూసి, మెడ ఎటూ తిప్పకుండా అంది.

"ఇయ్యాల్టికి ముందు నడిచిండు."

ఏడుస్తున్నవాళ్ళు నవ్వారు. నవ్వినవాళ్ళు మళ్ళీ ఏడ్చారు. మేము కదిలాం.

దొడ్డి ఇంకా దూరం ఉంది. భుజం దిగిపోతోంది, కాళ్ళు బురదలో జారుతున్నాయి. మోసేవాళ్ళు ఒక్కొక్కరే మారుతున్నారు. నేను మారలేదు. చేతికి వచ్చినదాన్ని వదలడం రాదని చెప్పాను కదా. మిర్చి బస్తాతో పడ్డట్టే మళ్ళీ పడేవాణ్ణే. నా వెనక, కొంచెం ఎడమ పక్కగా ఎవరో అడుగు కలిపి నడుస్తున్న చప్పుడైంది. మెడ తిప్పాను. సమ్మక్క. ఇప్పుడు నాకంటే పొడుగు.

"నేనున్న అంకుల్, ఇయ్యి," అంది.

ఇచ్చాను. ఇచ్చి నిలబడలేదు. పెట్టె ముందుకు సాగనిచ్చి, వెనక్కి పోయి, వరసలో చివర కలిశాను.